చౌరస్తాలో వున్నారు, కథలో లేరు

జెహానె నుజైమ్ తీసిన 'ద స్క్వేర్' (2013) డాక్యుమెంటరీని ఈమధ్య మా విద్యార్థులతో కలిసి మళ్ళీ చూశాను. 2011లో కైరోలోని తహ్రీర్ చౌరస్తాలో మొదలై, ముబారక్ పతనం, సైనిక పాలన, ముర్సీ ఎన్నికల మీదుగా 2013లో ముర్సీని సైన్యం తొలగించేదాకా నడిచే చిత్రమిది. అయిపోయాక ఒకమ్మాయి "మనం వెంట నడిచింది ముగ్గురు మగవాళ్ళతోనే కదా మేడమ్?" అంది.

నిజమే. అహ్మద్, నటుడు ఖాలిద్, ముస్లిం బ్రదర్‌హుడ్ సభ్యుడు మగ్దీ - వీళ్ళ స్నేహం, వాదులాటలే చిత్రానికి ఆధారం. న్యాయవాది రాగియా ఒమ్రాన్, సినీ దర్శకురాలు ఐదా ఎల్ కాషిఫ్ కూడా కనిపిస్తారు. కానీ సందేహపడుతూ, విరిగిపోతూ, మారుతూ మన కళ్ళముందు ఎదిగే అవకాశం మగవాళ్ళకే ఎక్కువగా దక్కింది. కెమెరా వెనక వున్నది స్త్రీ అయినా సరే.

2011 మార్చి 9న సైన్యం చౌరస్తాని ఖాళీ చేయించింది. గాయకుడు రామీ ఎస్సామ్‌ని చిత్రహింసలు పెట్టింది. అతని ఒంటి మీది గాయాల్ని చిత్రం చూపిస్తుంది. అదే రోజు పట్టుకుపోయిన యువతుల్లో కొందరికి సైనిక నిర్బంధంలో 'కన్యత్వ పరీక్షలు' చేశారు. వారిలో సమీరా ఇబ్రహీం కోర్టుకెక్కింది. ఆ పరీక్షలు చట్టవిరుద్ధమని డిసెంబరులో పరిపాలనా న్యాయస్థానం తీర్పిచ్చింది. 2012 మార్చిలో సైనిక కోర్టు డాక్టర్ని నిర్దోషిగా వదిలేసింది. రామీ తన గాయాన్ని అందరికీ చూపించగలిగాడు. సమీరాకి తన గాయం గురించి చెప్పుకోవడమే ఒక పోరాటమైంది. ఆమె ఈ చిత్రంలో మనం వెంట నడిచే మనిషి కాలేదు.

జనవరి 25న చౌరస్తాకి రమ్మని వీడియోలో పిలుపునిచ్చినవాళ్ళలో అస్మా మహ్ఫూజ్ ఒకరు. అప్పటికామెకి పాతికేళ్ళు. ముబారక్ హయాంలో, 2010 ఎన్నికల్లో స్త్రీలకి 64 సీట్ల కోటా వుండేది. తిరుగుబాటు తర్వాత అది పోయింది. 2011-12 ఎన్నికలతో వచ్చిన పార్లమెంటులో స్త్రీలు సుమారు రెండు శాతమే. నియంత ఇచ్చిన కోటా అలంకారమే, కాదనను. దాని స్థానంలో మరొకటి ఎందుకు రాలేదన్నదే ప్రశ్న.

ఇదంతా నుజైమ్ మీద ఫిర్యాదుగానే మొదలుపెట్టాను. రాస్తుంటే నా సిద్ధాంత గ్రంథం గుర్తొచ్చింది. తెలంగాణ సాయుధ పోరాట నవలల మీద పరిశోధన అది. రైతులు, దళాలు, నాయకత్వం అన్నీ అయ్యాక 'స్త్రీ పాత్రలు' అని ఆఖరున ఒక అధ్యాయం పెట్టాను. 'మనకు తెలియని మన చరిత్ర' (1986) చదివాక కూడా. పోరాటం ముగిశాక తమని ఇళ్ళకి వెళ్ళమన్నారని అందులో స్త్రీలు చెప్పుకున్నారు. నేను వాళ్ళని చివరి అధ్యాయానికి పంపాను.

ఇప్పుడా గ్రంథాన్ని పుస్తకంగా వెయ్యాలి. ఆ అధ్యాయాన్ని తీసేస్తున్నాను. మిగతావన్నీ మళ్ళీ రాయాలి.