శ్రమ, సిలువ, శ్మశానం: జాషువ కవిత్వంలో బాధకు అర్థం

తెలుగు క్రైస్తవుల వాడుకలో 'శ్రమ' అనే మాటకు రెండర్థాలున్నాయి. పొలంలో పడే కష్టం శ్రమే, క్రీస్తు అనుభవించిన వేదనా శ్రమే. చనిపోయినవారిని 'ప్రభువునందు నిద్రించారు' అంటారు. వల్లకాటిని 'సమాధుల తోట' అంటారు. సిలువ అన్న మాటకు మూలం సిరియాక్ భాషలోని 'స్లీబా'. అదే తమిళంలో 'సిలువై', కన్నడంలో 'శిలుబె' అయింది. బళ్ళారి గాంధీనగర్‌లో ఉంటూ తెలుగు చదువుకునే విద్యార్థికి ఇలాంటి మాటల వలస నిత్యానుభవమే. అయితే మాట మార్చినంత మాత్రాన బాధకు అర్థం దొరుకుతుందా? మృత్యువును నిద్ర అన్నంతనే దుఃఖం తీరుతుందా? గుర్రం జాషువ (1895–1971) కవిత్వాన్ని ఈ ప్రశ్నతో చదవాలని మా అభిప్రాయం.

ఈ ప్రశ్న బళ్ళారికి కొత్తది కాదు. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జాన్ హ్యాండ్స్ 1810లో ఇక్కడికి వచ్చి బైబిలును కన్నడంలోకి తెచ్చే పని చేపట్టాడు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) 'విషాద సారంగధర' రచించి, నాటకం మంగళాంతంగానే ఉండాలన్న సంప్రదాయాన్ని కాదన్నది ఈ ఊళ్ళోనే. దుఃఖాన్ని దుఃఖంగానే చూపి ముగించే సాహసం తెలుగు నాటకానికి బళ్ళారి నేర్పింది. దుఃఖం వెనుక అర్థాన్ని వెదకడం మరొక దారి. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు ఆ దారిలోవి. వాటిలో ప్రధానమైనవి ఒక్క మనిషి పాపభారం, ఆ మనిషికి దొరికే కృప. జాషువ దగ్గరికి వచ్చేసరికి ఆ ఒక్క మనిషి వెనుక ఊరంతా కనిపిస్తుంది.

జాషువ 'శ్మశానవాటి' పద్యాలు తెలుగు పల్లెలకు హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీను ద్వారా పరిచయం. రంగస్థలంపై వాటిని వైరాగ్య గీతాలుగా పాడతారు. కానీ వైరాగ్యం వాటిలో సగమే. కవి కలం, రాజు ముద్ర బూడిదలో కలిసిపోవడం అందరూ చెప్పేదే. అస్పృశ్యతకు అక్కడ చోటు లేదని చెప్పడం జాషువ మాత్రమే చేయగలిగింది. సమానత్వం కోసం మనిషి చావాలా అన్న చేదు ప్రశ్న అందులో దాగి ఉంది. అదే ఖండికలో, కొత్త సమాధి మీద చమురు ఇంకినా ఆరని దీపం ఒకటుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి తన హృదయాన్నే అక్కడ వదిలి వెళ్ళిందంటాడు కవి. అక్కడ సిద్ధాంతం లేదు, ఓదార్పు మాట లేదు. ప్రేమ మృత్యువుతో రాజీపడలేదన్న సాక్ష్యం మాత్రం ఉంది.

జాషువ రెండు రకాల బాధలను కలగలపలేదన్నది గమనార్హం. మరణం అందరిదీ. అంటరానితనం మనుషులు చేసినది. 'గబ్బిలం' (1941)లో నాయకుడు తన గోడును శివునికి గబ్బిలంతో పంపుతాడు. ఆలయంలో తలకిందులుగా వేలాడే ప్రాణికున్న ప్రవేశం అతనికి లేదు. ఆ బాధను పూర్వజన్మ కర్మతో సరిపెట్టుకోవడానికి కవి ఒప్పుకోడు.

1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన 'క్రీస్తు చరిత్ర'ను ఈ రెండింటి పక్కన పెట్టి చదవాలి. సిలువ మీద ఆ రెండు బాధలూ కలుస్తాయి. అది మర్త్యుని మరణం, అన్యాయపు తీర్పు కూడా. బాధపడేవాడు తప్పు చేసే ఉంటాడన్న తర్కం అక్కడ కూలిపోతుంది. అయితే ఒక లోపం చెప్పక తప్పదు. లాజరు సమాధి దగ్గర యేసు కన్నీరు పెట్టాడని సువార్త చాలా క్లుప్తంగా చెబుతుంది. పద్యానికి అలాంటి క్లుప్తత కష్టం. ఛందస్సు గాంభీర్యాన్ని తెస్తుంది, గాంభీర్యం కొన్నిచోట్ల గాయాన్ని కప్పేస్తుంది. 'శ్మశానవాటి'లోని దీపం ముందు ఆ మహాకావ్యపు శోభ మాకు కొంచెం దూరంగానే అనిపిస్తుంది.

విశ్వాసం బాధను సహించమని మాత్రమే బోధిస్తుందన్న విమర్శ ఉంది. అలా బోధించిన సందర్భాలూ ఉన్నాయి. జాషువ ఇచ్చే సమాధానం వేరు. మరణం ముందు విశ్వాసం వివరణ ఇవ్వదు, తోడుగా నిలబడి ఏడుస్తుంది. మనుషులు కల్పించిన బాధ ముందు మాత్రం ఊరుకోదు. మొదటిదానికి రెండవదాని ఓపికను అరువిస్తే అది భక్తి కావచ్చు. రెండవదానికి మొదటిదాని ఓపికను అరువిస్తే అది అన్యాయానికి సాయం.

1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. అప్పటి నుంచి ఇక్కడి తెలుగు విద్యార్థికి ఈ కావ్యాలు పాఠ్యపుస్తకం బయటే ఎక్కువగా దొరుకుతున్నాయి. ముందు 'శ్మశానవాటి', తర్వాత 'గబ్బిలం', చివర 'క్రీస్తు చరిత్ర' చదవమని మా సూచన. ఆ వరుసలో చదివితే 'శ్రమ' అన్న మాట తన రెండర్థాలనూ విడిచిపెట్టకుండా మనకు అందుతుంది.