తామరతూటి దారం, పాలిస్టరు పోగు

సూరత్ నగరానికి నైరుతి దిశలో, తాపీ నది సముద్రాన్ని చేరే ప్రాంతంలో, నల్లని ఇసుకకు పేరుపడిన తీరం డుమస్. చరిత్రలో ఈ నదీముఖానికి వస్త్ర వాణిజ్యంతో విడదీయరాని సంబంధం ఉంది. ఆంగ్ల వర్తకులు 1611లో మచిలీపట్నంలోనూ, 1613లో సూరత్‌లోనూ స్థావరాలు ఏర్పరచుకొన్నారు. వారిని ఈ రెండు రేవులకూ ఆకర్షించిన సరుకులలో భారతీయ నూలుబట్టలు ముఖ్యమైనవి.

నేటి సూరత్ కృత్రిమ నూలు వస్త్రాలకు దేశంలోనే ప్రధాన కేంద్రం. అక్కడి మరమగ్గాల వద్ద పనిచేసేవారిలో తెలంగాణ జిల్లాల నుండి దశాబ్దాలుగా వలసవెళ్లిన పద్మశాలీలు గణనీయంగా ఉన్నారు. వీరి కులపురాణం వస్త్రం పుట్టుకను గురించిన కథ. మార్కండేయుని కుమారుడైన భావనాఋషి విష్ణువు నాభికమలపు తూటి నుండి దారం తీసి దేవతలకు వస్త్రం నేశాడని ఆ కథ చెబుతుంది. చేర్యాల నకాషీ చిత్రకారులు రచించిన పటాన్ని విప్పుతూ కూనపులివారు ఈ గాథను ఊరూరా గానం చేసేవారు. ఆ పటం కూడా చేతిపనే. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూసిన తరువాతనే దానిపై బొమ్మ వెలుస్తుంది.

ఇటీవలి కాలంలో జానపద గాథల స్ఫూర్తితో, ప్రకృతికి హాని కలుగని రీతిలో చేతితో రూపొందిన దుస్తులకు పట్టణాలలో ఆదరణ పెరిగింది. ఇది ఆహ్వానింపదగిన పరిణామమే. అయితే ఈ దుస్తులలో అధికభాగం పటంలోని బొమ్మను స్వీకరించి, పటం చెప్పే కథను విడిచిపెట్టాయి. భావనాఋషి కథకు ప్రాణం ఆయన రూపం కాదు, ఆయన చేసిన పని. దారం ఎక్కడిది, ఎవరు తీశారు, ఎవరి కోసం నేశారు అన్న ప్రశ్నలకు సమాధానమే ఆ గాథ. మిల్లు గుడ్డపై చేర్యాల స్త్రీమూర్తిని తెర అచ్చుతో ముద్రించినంత మాత్రాన అది జానపద వస్త్రం కాజాలదు.

శ్రీకాళహస్తి కలంకారీ ఇందుకు భిన్నమైన ఉదాహరణ. కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో నానిన గుడ్డపై, ఇనుము, బెల్లం ఊరవేసి తీసిన నల్లరంగుతో వెదురు కలం గీతలు గీస్తుంది. పటిక అద్దిన చోటనే ఎరుపు నిలుస్తుంది. ప్రతి దశలోనూ ఉతుకు, ఎండ అవసరం. ఇక్కడ పురాణకథ, పనితీరు వేరు కావు. అయినా ఈ కళను కూడా విమర్శకు అతీతంగా భావించరాదు. రసాయనిక రంగులు వాడిన గుడ్డను సహజమైనదని అమ్మడం కొనుగోలుదారుని మోసగించడమే. సహజ వర్ణాలకు సైతం నీటి వినియోగం ఎక్కువ.

చట్టాల రక్షణ పరిమితమైనది. చేనేతకు 1985 నాటి చట్టం క్రింద కేటాయించిన 22 రకాలు 1996లో 11కు తగ్గాయి. భౌగోళిక గుర్తింపుల చట్టం క్రింద పోచంపల్లి ఇక్కత్, శ్రీకాళహస్తి కలంకారీ నమోదయ్యాయి. కాని ఆ గుర్తింపు ప్రధానంగా పేరును కాపాడుతుంది. పేరు చెప్పకుండా పోలికను అచ్చువేసి అమ్మేవారిని అడ్డుకోవడం కష్టసాధ్యం. ఈ లోటును కొంతవరకు పూరించగలిగినది కొనుగోలుదారుని కన్నే. నూలుకు ముందే ముడులు కట్టి రంగులద్ది నేసిన ఇక్కత్ రెండు వైపులా ఒకే తీరుగా కనిపిస్తుంది. అచ్చువేసిన అనుకరణలో వెనుకవైపు సాధారణంగా వెలవెలబోతుంది.

ఇంతమాత్రాన పాలిస్టరు చీరను నిందించడం న్యాయం కాదు. తక్కువ వెలకు లభించి, త్వరగా ఆరి, ఏళ్ల తరబడి మన్నే ఆ చీరనే కష్టజీవి అయిన స్త్రీ కట్టుకొంటుంది. దానిని నేసిన చేతులు కూడా ఒకప్పుడు చేనేత మగ్గం ఆడించిన కుటుంబాలవే కావచ్చు. చేనేతలో కూలి గిట్టనందువల్లనే ఆ చేతులు తాపీ తీరానికి చేరాయి. పూర్వీకుల నేతను పోలిన అచ్చుబట్టకు గుడ్డను అందించేది వారి వారసుల మరమగ్గమే కావడం ఈ పరిణామంలోని విషాదం.

కనుక ఇటువంటి దుస్తులను అంచనా వేయడానికి బొమ్మల అందం ఒక్కటే ప్రమాణం కారాదు. నూలు ఏది, రంగు ఏది, నేసినవారు ఎవరు, వారికి దక్కిన కూలి ఎంత అన్నవి వస్త్రంతోపాటు తెలియజేసినప్పుడే స్ఫూర్తి అన్న మాటకు అర్థం ఉంటుంది. కూనపులివారు పటం విప్పి చెప్పినది కూడా వస్త్రం వెనుక ఉన్న మనిషి కథనే.