పన్నెండు సెంట్ల పటం

నగరంలో ఏ వీధి, ఏ భవనం ఎంత కరెంటు వాడుతోందో రంగుల్లో చూపించే పటాలు ఈ పదిహేనేళ్లలో ఒక ప్రత్యేక శాస్త్రంగా ఎదిగాయి. 2012లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు న్యూయార్క్‌కి ఇలాంటి పటం వేశారు. 2016లో ఎంఐటీ పరిశోధకులు బోస్టన్‌లో ఎనభై వేలకు పైగా భవనాలను కంప్యూటర్‌లో నిలబెట్టారు. పద్ధతిలో పెద్ద రహస్యమేమీ లేదు. భవనం ఎంత నేల ఆక్రమించింది, ఎంత ఎత్తు, ఎప్పుడు కట్టారు, ఇల్లా, ఆఫీసా, ఆసుపత్రా అనేది రికార్డుల్లోంచి తీసుకుంటారు. ప్రతి భవనంలోకీ పోయి చూడలేరు కాబట్టి అన్నింటినీ కొన్ని రకాలుగా విడదీస్తారు. ఒక్కో రకానికి ఒక నమూనా గోడ, ఒక నమూనా కప్పు, ఒక నమూనా కుటుంబం అంటగడతారు. వచ్చిన లెక్కని కరెంటు బిల్లులతో సరిచూసుకుంటారు. ఎక్కువ వాడకానికి ముదురు రంగు, తక్కువ వాడకానికి లేత రంగు.

ఇందులో కులం ఎక్కడుందయ్యా, అన్నీ కిలోవాట్లే కదా అని మా సీనియర్లు కొందరన్నారు. చూద్దాం.

అమలాపురం పక్కన బండారులంకలో మా పేట ఉంది. ఈ పటాన్ని రేపు మా ఊరిదాకా గీస్తే మా పేటకి అన్నింటికంటే లేత రంగు వస్తుంది. రెండు గదులు, పైన సిమెంటు రేకు, ఒక ఫ్యాను, రెండు బల్బులు, ఒక టీవీ. పర్యావరణాన్ని కాపాడే ఆదర్శ పౌరులం మేమే అని ఎవరైనా మెచ్చుకోవచ్చు కూడా! కానీ మే నెల రెండింటప్పుడు ఆ రేకు కింద నిలబడి చూడండి. కాలవల నీరు, కొబ్బరితోటల తేమ వల్ల ఒంటి మీద చెమట ఆరదు. ఫ్యాను వేస్తే రేకు వేడినే కిందికి తోస్తుంది. పొయ్యి అరుగు మీదికి వస్తుంది, ముసలివాళ్లు చెట్టు కిందికి పోతారు, పిల్లల పుస్తకాలు మూలన పడతాయి. మేం డిగ్రీ పరీక్షలకి చదివింది తెల్లారుజామున నాలుగింటికే, ఇంకెప్పుడూ కుదరలేదు.

ఈ లెక్కలో మా ఇల్లు ఏమవుతుంది? భవనం లోపల ఫలానా డిగ్రీలు దాటకుండా చల్లబరచడానికి ఎంత కరెంటు కావాలన్నది నమూనా కడుతుంది. ఏసీ ఉంటే అంకె వస్తుంది. ఏసీ లేదంటే 'చల్లబరిచే శక్తి' అన్న గడిలో సున్నా పడుతుంది. యంత్రం బయటికి తోసిన వేడికి యూనిట్లున్నాయి, మనిషి ఓర్చుకున్న వేడికి యూనిట్లు లేవు. మా విమర్శంతా ఆ సున్నా మీదే. లేనితనాన్ని పొదుపుగా చదవడం అక్కడ మొదలవుతుంది. పైగా ఏసీ తోసిన వేడి గాల్లో మాయమైపోదు. నగరంలోనైతే పక్క బస్తీ మీదికే వస్తుంది. ఆ వేడి భవనం లెక్కలోనూ పడదు, బస్తీ లెక్కలోనూ పడదు.

మేం శాస్త్రాన్ని తిట్టడం లేదు. మన దగ్గర జరిగిన మంచి పని కూడా చెప్పాలి. హైదరాబాదులో రెండు వాణిజ్య భవనాల కప్పులకు తెల్లరంగు వేసి కొలిచిన అధ్యయనం 2012లో అచ్చయింది. నల్లకప్పుతో పోలిస్తే చల్లబరిచే ఖర్చులో 14 నుంచి 26 శాతం దాకా తగ్గిందని తేల్చింది. 2017లో ఇదే ఆలోచన దేవరకొండ బస్తీకి వచ్చింది. పాతిక ఇళ్ల కప్పుల మీద తెల్లటి పొర పరిచారు. లోపలి వేడి సగటున రెండు డిగ్రీలు తగ్గింది. ఇక్కడ కొలిచింది యూనిట్లు కాదు, డిగ్రీలు. బస్తీలోకి పోయేసరికి కొలత మార్చక తప్పలేదన్నమాట. ఈ సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆ తర్వాత 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానం తెచ్చింది. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు తప్పనిసరి. ప్రభుత్వం కట్టే పేదల ఇళ్లనూ ఆ జాబితాలో చేర్చారు, అది మంచిదే. సొంతంగా కట్టుకున్న ఇళ్ల మాటకొస్తే 600 గజాల స్థలం, ఆపైన ఉంటే తప్పనిసరి, లోపైతే మీ ఇష్టం. ఇళ్ల కోసం 2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత 500 చదరపు మీటర్ల స్థలం నుంచి వర్తిస్తుంది. 600 గజాలన్నా, 500 చదరపు మీటర్లన్నా మన లెక్కలో పన్నెండు సెంట్ల చిల్లరే. వాణిజ్య భవనాల కోడ్ 2017 రూపంలో 100 కిలోవాట్ల లోడ్ దగ్గర మొదలవుతుంది. మా పేటలో వాడే మామూలు ఫ్యాన్లు పదమూడు వందలు ఒకేసారి తిరిగితే వచ్చే లోడ్ అది.

ఇప్పుడు పక్కన ఇంకో అంకె పెట్టండి. 2020 డిసెంబరులో ఆంధ్ర ప్రభుత్వం పంచిన ఇళ్లపట్టా పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. చట్టానికి కనబడాలంటే అలాంటి పల్లె పట్టాలు ఎనిమిదికి పైనే కలపాలి! కోనసీమలో పన్నెండు సెంట్ల ఇంటిస్థలం ఎవరిది, సెంటున్నర ఎవరిది అన్నది మేం విడిగా చెప్పనక్కర్లేదు. గజాల్లో రాసిన గీత కులం గీత మీదే పోతుంది. 'మీ ఇష్టం' అనే మాట కూడా వినడానికే బాగుంటుంది. రేకు మీద తెల్లరంగు వెయ్యడానికి డబ్బు ఎవరిస్తారన్నది ఆ మాటలో లేదు.

ఎక్కువ వాడేవాళ్ల దగ్గరే కదా తగ్గించగలం, తక్కువ వాడేవాళ్లని పటంలో పెట్టి ఏం లాభం అనే వాదన ఒకటుంది. తగ్గించడమొక్కటే పని అయితే ఒప్పుకుందుము. కానీ ట్రాన్స్‌ఫార్మరు ఎక్కడ వెయ్యాలి, కప్పుల డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలి అన్న నిర్ణయానికి ముందు ముందు ఇవే పటాలు ఆధారమవుతాయి. లేత రంగుని 'అవసరం లేదు' అని చదివితే మా మీద పడేది రెండో దెబ్బ.

బిల్లులతో సరిచూడటం దగ్గర ఇంకో చిక్కుంది. ఆంధ్రలో 2019లో ఎస్సీ, ఎస్టీ కాలనీల ఇళ్లకు నెలనెలా ఇచ్చే ఉచిత కరెంటును 100 నుంచి 200 యూనిట్లకు పెంచారు. దాన్ని మేం కాదనం, పోరాడి నిలుపుకోవాల్సిన హక్కు అది. అయితే 200 దాటుతుందేమోనని నెలాఖర్న ఫ్యాను కట్టేసే ఇల్లు కూడా ఉంది. ఆ బిల్లు ఆ ఇంటి అవసరాన్ని చెప్పదు, భయాన్ని చెప్తుంది. ఇంకో సంగతి. ఫలానా మీటరు పేటలోది, ఫలానాది కాదు అని డిస్కంకి తెలుసు. అంటే పేట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాజ్యం దగ్గర లెక్క ఉంది. రాయితీ గీసేటప్పుడు కనబడ్డ పేట, వేడిని కొలిచేటప్పుడు ఎందుకు కనబడదు?

ఇక పటం అంచు సంగతి. నగరపటం మీటరు దగ్గర ఆగిపోతుంది. ఆ మీటరులోకి కరెంటు ఎక్కణ్ణించి వచ్చిందో దానికి అనవసరం. మా కోనసీమ నేల కిందనుంచి గ్యాస్ పైపుల్లో పోతుంది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లారేసరికి నగరంలో తాటిపాక నుంచి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి పోయే పైపు పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. ఆ నగరం మహానగరం కాదు, మామిడికుదురు మండలంలో ఒక ఊరు. పేరులో నగరం ఉన్నా ఏ నగర ఇంధన పటంలోనూ దానికి చోటు లేదు. 2022 నుంచి మా జిల్లాకి పేరిచ్చిన అంబేడ్కర్, 1942–46 మధ్య వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖతో పాటు విద్యుత్తునీ చూశాడు. 1943లో విద్యుత్ కమిటీలో ఆయన ఎత్తిన ప్రశ్న కరెంటు ఎవరి చేతుల్లో ఉండాలి, దాంతో జనం దరిద్రం ఎలా పోవాలి అన్నదే. ఎక్కడ ఎంత తగ్గించవచ్చనే ప్రశ్న దాని తర్వాత రావాల్సింది.

మరి ఏం చెయ్యమంటారు? పటంలో ఇంకో గడి పెట్టండి. ఇంటి లోపల ఎన్ని గంటలు ఎన్ని డిగ్రీలుందో అందులో రాయండి. కప్పు రేకా, తాటాకా, శ్లాబా రాయండి. ఉపగ్రహానికి కనబడకపోతే మనిషిని పంపండి, ఆ మనిషికి కూలి ఇవ్వండి, పేట కుర్రాళ్లనే పెట్టుకోండి. బస్తీలో పాతిక ఇళ్లు కొలిచినవాళ్లు పేటలో కొలవలేరా?

బండారులంక నేతకి పేరుపడ్డ ఊరు. మా పేట దాటితే నేతగాళ్ల ఇళ్లు. గుంట మగ్గం ఇంట్లోనే ఉంటుంది. కాళ్లు గుంటలో పెట్టుకుని పొద్దుగూకేదాకా నేస్తారు. గాలి ఎక్కువైతే పోగు ఆరి తెగుతుందని ఉక్కపోతలోనూ ఫ్యాను ఆపుకుంటారు. వానాకాలం గుంటలోకి నీళ్లొస్తే పని బందు. వాళ్లు దళితులు కారు, వెనకబడిన కులాలవాళ్లు. కానీ పటంలో వాళ్ల రంగూ మా రంగూ ఒకటే. అది ఇల్లా, కార్ఖానానా? నమూనా తయారుచేసే మిత్రులు ఆ ఇంటిని ఏ రకంలో వేస్తారో మాకు చెప్పాలి.