ఆధారం చూపాలి

పరీక్షలో పది మార్కుల ప్రశ్నకు మూడు పేజీలు రాసే పిల్లలే, తెలుగు వికీపీడియాలో మూడు వాక్యాలు రాయమంటే తడబడతారు. పరీక్ష పేపరులో పెనుకొండ విజయనగర రాజులకు రాజధాని అయిందని రాస్తే, దిద్దేవాళ్ళు టిక్కు పెట్టి పేజీ తిప్పేస్తారు. వికీపీడియాలో అదే మాట రాస్తే, ముక్కూ మొహం తెలియని మనిషెవరో వచ్చి ఆ వాక్యం పక్కన ‘ఆధారం చూపాలి’ అని తగిలించి పోతారు. ఏ పుస్తకం, ఎవరు రాసింది, ఎన్నో పేజీ? ఆ ప్రశ్న దగ్గరే చరిత్ర చదువు మొదలవుతుందని నా నమ్మకం. అందుకే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల నుంచి వచ్చే డిగ్రీ పిల్లల చేత వాళ్ళ సీమ గురించే ఈ వ్యాసాలు రాయిస్తున్నాను.

అమెరికాలో ఇది కొత్త పద్ధతేమీ కాదు. అక్కడ చాలా విశ్వవిద్యాలయాల్లో టర్మ్ పేపరుకు బదులు వికీపీడియా వ్యాసం రాయిస్తారు. రాసేవాళ్ళకు గట్టి పరీక్ష పెట్టే అంశం వాళ్ళ తొలినాటి సరిహద్దు చరిత్ర. అప్పలాచియన్ కొండలు దాటి తెల్లవాళ్ళు పడమటికి సాగిన కథ అది. చరిత్రకారుడు ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ 1893లో, అమెరికన్ల స్వభావాన్ని తీర్చిదిద్దింది ఆ సరిహద్దేనని వాదించాడు. ఆయన ఖాళీ నేల అన్నది షానీలు, చెరోకీలు వంటి స్థానిక తెగలు అప్పటికే బతుకుతున్న నేల. వలస వచ్చినవాళ్ళ ఉత్తరాలు, డైరీలు పెట్టెల నిండా మిగిలాయి. నేల పోగొట్టుకున్నవాళ్ళ మాట చాలావరకు ఎదుటివాళ్ళ కాగితాల్లోనే వెతుక్కోవాలి. ఎవరి కాగితం చేతికి దొరికితే వాళ్ళ పక్షానికి వ్యాసం ఒరిగిపోతుంది.

మాదీ అలాంటి సరిహద్దు సీమే. 1565లో విజయనగరం ఓడిన రక్కసి తంగడి యుద్ధం తర్వాత తిరుమలరాయలు రాజధాని హంపీ విడిచి పెనుకొండ కొండకోటకు చేరాడు. ఆ తర్వాత బీజాపూరు సేనలు, గుత్తి మురారిరావు మరాఠా దళాలు, హైదరాలీ, టిప్పు ఒకరి వెనక ఒకరు ఈ దారినే నడిచారు. ఏలినవాళ్ళు మారినప్పుడల్లా ఊళ్ళ దగ్గర మిగిలింది స్థానిక సాయుధ నాయకులైన పాళెగాళ్ళే. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. దత్త మండలాలన్న పేరు అలా వచ్చిందే. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఇక్కడ ఉన్నాడు. అతను వచ్చేనాటికి ఈ మండలాల్లో పాళెగాళ్ళు ఎనభై మంది దాకా ఉన్నారు.

పిల్లలు ఫోనులో వెతగ్గానే మొదట దొరికేవి ఆ కంపెనీ కాలపు ఇంగ్లీషు రాతలు, ఆ తర్వాత ఇంగ్లీషు అధికారులు రాసిన పుస్తకాలు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన రాబర్ట్ సూయల్ 1900లో విజయనగరం మీద రాసిన గ్రంథం, ఫ్రాన్సిస్ 1905లో తయారుచేసిన అనంతపురం జిల్లా గెజిటీరు, రెండూ కాపీరైటు తీరి ఉచితంగా దొరుకుతాయి. మంచి పుస్తకాలే. నేనూ వాటి దగ్గరే నేర్చుకున్నాను. కానీ రాసినవాళ్ళు దొరతనం తరఫు మనుషులు.

మా తరగతిలో ఒకమ్మాయి ఆ పుస్తకాలు చూసి పాళెగాళ్ళు దోపిడీదారులని రాసింది. పక్క బెంచీ అబ్బాయికి అది నచ్చలేదు. పాళెగాళ్ళే తొలి స్వాతంత్ర్య వీరులని మార్చేశాడు. అతనికి ఆధారం ఎవరో యూట్యూబులో చెప్పిన మాట. వ్యాసానికి అనుబంధంగా చర్చా పేజీ ఒకటి ఉంటుంది. ఇద్దరూ అక్కడ వాదులాడుకున్నారు. నేను తీర్పు చెప్పలేదు గానీ ఒక ప్రశ్న అడిగాను: మన్రో శిస్తు ఎవరి దగ్గర వసూలు చేయాలనుకున్నాడు? నేరుగా రైతు దగ్గర. మరి మధ్యలో పాళెగాడు ఉంటే? అక్కడ ఇద్దరూ ఆగి ఆలోచించారు. చివరికి మిగిలిన వాక్యాలు ఇవి: మన్రో తన నివేదికల్లో పాళెగాళ్ళను జనాన్ని దోచుకునే సాయుధులుగా చిత్రించాడు, రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే పద్ధతి తెచ్చే పనిలో వాళ్ళ అధికారాన్ని తొలగించాడు. ఈ వాక్యాల్లో పొగడ్తా లేదు, తిట్టూ లేదు. ఎవరన్నారో, వాళ్ళకు ఏం కావాలో పక్కపక్కనే ఉన్నాయి. ఏ పాఠం చెప్పీ నేను వాళ్ళకు అంత నేర్పలేకపోయేవాణ్ణి.

హిందూపురానికి దగ్గర్లోనే లేపాక్షి గుడి ఉంది. అక్కడ చిక్కు మరో రకం. నేలకు పూర్తిగా ఆనని స్తంభాన్ని ఒక బ్రిటిష్ ఇంజనీరు కదిలించబోయాడన్న కథ ఇంటర్నెట్టులో ఎన్నిచోట్ల ఉందో లెక్కలేదు. అంతమంది చెప్పారు కదా, ఇంకేం ఆధారం కావాలి అంటారు పిల్లలు. అప్పుడు ఒక్కొక్క పేజీ తెరిచి తేదీలు చూడమంటాను. ఒకరిని చూసి ఒకరు ఎత్తిరాసుకున్నవేనని, చాలామంది వికీపీడియా నుంచే దించుకున్నారని తేలుతుంది. మన వాక్యానికి మన వాక్యమే సాక్ష్యమన్నమాట. ఆ గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్ళు తనే పీకి గోడకు కొట్టిన కథ అలా కాదు. కల్యాణ మంటపం దగ్గరి ఆ ఎర్రటి మచ్చలు చూపించి తరతరాలుగా చెప్పుకుంటున్న కథ. దాన్ని వ్యాసంలో ఉంచాలి, ఐతిహ్యమన్న పేరుతోనే ఉంచాలి.

లేపాక్షి రాతి నంది దగ్గర ఇంకా ఇబ్బంది. ఒకచోట 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు అని ఉంటుంది. మరోచోట 20 అడుగులు, 30 అడుగులు. పిల్లలు టేపు పట్టుకుని కొలుద్దామన్నారు. కొలవండి, మీ నోటుపుస్తకంలో రాసుకోండి అన్నాను. కానీ ఆ కొలత వ్యాసంలో పెట్టడానికి లేదు. సొంత పరిశోధన వికీపీడియాలో చెల్లదు, నమ్మదగిన చోట ఎక్కడో ప్రచురితమై ఉండాలి. నంది ఎదురుగా నిలబడి, చేతిలో టేపు పెట్టుకుని, నిజం రాయడానికి వీల్లేదంటే ఏ పిల్లవాడికైనా కోపం వస్తుంది. రానీండి. ఆ నియమం లేకపోతే రేపు ఇంకొకడు కొలవకుండానే కొలిచానంటాడు. కొలతను పత్రికలో ఒక వ్యాసంగా వేయించండి, దాన్ని ఎవరైనా ఉటంకించవచ్చు అని దారి చూపిస్తాను.

ప్రచురితమైందే చెల్లుతుందన్న ఈ నియమం మా సీమకు కష్టం తెస్తుందన్న మాట కూడా నిజం. కైఫీయతులు కొంత ఆదుకుంటాయి. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులూ వాళ్ళ తోటివాళ్ళూ ఊళ్ళు తిరిగి, కరణాల దగ్గర, పెద్దల దగ్గర అడిగి రాయించిన ఊరి చరిత్రలవి. కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫీయతులను సంపుటాలుగా అచ్చువేసింది. కలెక్టరు ఉత్తరం పక్కన కరణం మాట పెట్టి చదివితే చరిత్ర రెండు కళ్ళతో కనబడుతుంది. కరణానికీ ఇనాము భూములుంటాయి, అతని మాటనూ జాగ్రత్తగానే చదవాలనుకోండి.

అసలు లోటు ధర్మవరంలో బయటపడింది. పట్టుచీరల మీద వ్యాసం పెంచుతున్న అబ్బాయి నేతగాళ్ళ ఇంటివాడు. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు దాని చివరకు కొత్త పడుగును అతకాలి. వేల పోగులు, ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని, బూడిద అద్దిన వేళ్ళతో మెలిపెట్టడం. చిన్నప్పటి నుంచీ అతను చూస్తున్న పని అది. వ్యాసంలో దాని ఊసే లేదు. జరీ గురించి, అంచుల గురించి, భౌగోళిక గుర్తింపు గురించి ఉంది, అవన్నీ పేపర్లలో వచ్చాయి కాబట్టి. “మా నాయన చెప్పింది పెట్టొచ్చా సార్?” అని అడిగాడు. పెట్టడానికి లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు, కానీ చెప్పాను.

ఈ బాధ మా ఒక్కరిదే కాదు. 2011లో పరిశోధకుడు అచల్ ప్రభల బృందం మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడి భాషల్లో నోటిమాటను రికార్డు చేసి, ఆ రికార్డింగునే ఆధారంగా చూపే ప్రయోగం చేసింది. అచ్చు పుస్తకాలు తక్కువ ఉన్న సమాజాల జ్ఞానం ఎక్కడికి పోవాలన్నదే వాళ్ళ ప్రశ్న. ఆ పద్ధతి వికీపీడియాలో స్థిరపడలేదు. స్థిరపడాలని నేను గట్టిగా కోరుకుంటాను. లక్ష వ్యాసాలు దాటిన తెలుగు వికీపీడియాలో మగ్గం ముందు కూర్చున్న మనిషి మాటకు చోటు లేకపోతే అది మన లోటే. అంతవరకూ చేయగలిగింది, ఆ మాటను మనమే అచ్చుకు ఎక్కించడం.

ఆ అబ్బాయి ఇప్పుడు తండ్రిని కూర్చోబెట్టి ఫోనులో రికార్డు చేస్తున్నాడు. పడుగు అతకడానికి ఎంతసేపు పడుతుంది, కూలి ఎలా లెక్కకడతారు, ఆ పని మాత్రమే చేసేవాళ్ళు ఎవరు. పక్క వీధిలో ఇంకో నేతగాడు కొన్ని విషయాల్లో అతని తండ్రి మాట ఒప్పుకోలేదు. ఇద్దరి మాటా పేర్లతో సహా రాయమన్నాను, వాళ్ళ అనుమతి తీసుకుని. అది సాపు రాసి పత్రికకు పంపాలి. అచ్చయ్యాక దాన్ని వ్యాసంలో ఉటంకించేది మాత్రం ఆ అబ్బాయి కాకూడదు, తన రచనను తనే ఆధారంగా పెట్టుకోవడం పద్ధతి కాదు కనుక. ఆ పని పాళెగాళ్ళ మీద రాసిన అమ్మాయి చేస్తానంది.