పిడికి మొక్కు

ఓ పిడీ, కోసిన పేరు కొడవలికి, తవ్విన పేరు పారకు పోతాయి. పొద్దుపొడుపు నుంచి పొద్దువాలేదాకా మనిషి చేతిలో ఉండేది నువ్వు. మదనపల్లె టమోటా తోటల్లో పార కామవు నువ్వే. పుంగనూరు పల్లెల్లో మడక మేడివి నువ్వే. కుప్పం చేలల్లో రాగి కంకులు కోసే కొడవలి వెనక ఉన్నదీ నువ్వే.

తుమ్మకొయ్యను బాడిసతో చెక్కి, ఆకురాయితో రాసి, గాజుపెంకుతో గీకితే నీకు ఒళ్లు కుదురుతుంది. కొడవలి తోకను ఎర్రగా కాల్చి నీలోకి దించుతారు. పగలకుండా మెడకు పొన్ను తొడుగుతారు. చివరి నునుపు మాత్రం పట్టిన చెయ్యే ఇస్తుంది, ఏళ్ల తరబడి, చెమటతో.

అన్నిటికంటే గొప్పదైన నీ రూపం ఇంకొకటుంది. కుష్ఠువ్యాధితో నరాలు చచ్చి, వేళ్లు వంగిపోయిన చేతుల కోసం ఎత్తిన రూపమది. జబ్బు ముదిరితే మన ఈ ఊళ్లవాళ్లు దారిపట్టే రాయవేలూరులోనే, 1946లో వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ ఆ చేతులను ఏళ్లపాటు గమనించారు. వాటిమీద పడే పుళ్లలో చాలావరకు నొప్పి తెలియక తగిలించుకున్న గాయాలేనని తేల్చారు. స్పర్శ లేని చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో తనకే తెలియదు. సన్నటి పిడి అయితే ఆ ఒత్తిడంతా ఒక్కచోటే దిగి చర్మం చిట్లుతుంది.

అందుకే కలిపితే గట్టిపడే రెండు ఎపాక్సీ ముద్దలను కలిపి పిసికి, గరిటె కాడకో కొడవలి పిడికో మెత్తుతారు. చర్మానికి అంటకుండా పలచటి ప్లాస్టిక్ కప్పి, ఆ చేతికే పట్టిస్తారు. వంగిన వేలికి ఒక లోయ, వేలు లేని చోట ఒక మిట్ట ఏర్పడతాయి. బరువును అరచెయ్యంతా పంచుకుంటుంది. గట్టిపడ్డాక ఆకురాయి, ఆపైన ఉప్పుకాగితం. ఇక్కడ తొందర పనికిరాదు, నొప్పి తెలియని చేతికి చిన్న బొడిపె చాలు పుండు పడటానికి. అలా తయారైన నువ్వు ఒక్కరి సొంతం. ఇంకెవరి చేతికీ ఇమడవు. ఆ ఒక్కరు మాత్రం ఎవరూ తినిపించకుండా తమ ముద్ద తాము తింటారు, తమ కయ్య తాము కోసుకుంటారు. నీకు మొక్కడానికి నాకు ఇంతకన్నా ఏం కావాలి?

కూలీలకు పనిముట్లు కొనిచ్చే రైతన్నలారా, అంగట్లో పిడులన్నీ దాదాపు ఒకే లావున ఉంటాయి, చేతులు అలా ఉండవు. ఆడవాళ్ల చేతులు సాధారణంగా చిన్నవి. డబ్బులిచ్చే ముందు ఆ పిడిని పని చేసే మనిషికిచ్చి పట్టి చూడమనండి. లావైతే చెక్కించండి, సన్నమైతే గుడ్డ చుట్టించండి.