నాలుగు గజాల నవారు

పార్సిల్ విప్పి సామానంతా హాల్లో నేల మీద పరిచాను. స్టీలు పలక ఒకటి, ఇంకా రబ్బరు వాసన పోని వింగ్ ఒకటి, గుప్పెడు డీ-రింగులు, నడుముకు స్టీలు బకిల్, చుట్ట చుట్టిన నల్లటి నైలాన్ పట్టీ. అమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూసింది. "ఏంటే ఇది, మంచం అల్లుతావా?" అంది. రెండంగుళాల వెడల్పు, దాదాపు నాలుగు గజాల పొడవు. అచ్చం నవారే మరి.

ఇన్నేళ్లూ అద్దె జాకెట్లతోనే డైవింగ్ చేశాను. మీడియం వేసుకుంటే భుజాల దగ్గర ఊగులాట, స్మాల్ వేసుకుంటే ఛాతీ దగ్గర ఊపిరాడదు. నీటి పైన గాలి నింపితే జాకెట్ చెవుల దాకా ఎగదన్నేది. కింద పక్కకు తిరిగితే నేను ఒకవైపు, సిలిండర్ ఇంకోవైపు. ఐదడుగుల రెండంగుళాల మనిషికి ఇంతేలే అని సరిపెట్టుకున్నాను. అలా సరిపెట్టుకోవాల్సిన అవసరం లేదని తెలిశాక మాత్రం ఆగలేకపోయాను.

ఈ అమరికలో వీపుకు ఆనేది లోహపు పలక. దాని వెనక గాలి నింపే వింగ్, దాని వెనక సిలిండర్. పలక మధ్యలో ఉండే రెండు బోల్టు చిల్లుల మధ్య దూరం 11 అంగుళాలు. దాదాపు ఏ కంపెనీ అయినా ఇదే కొలత పాటిస్తుంది కాబట్టి ఒకరి పలకకు ఇంకొకరి వింగ్ పడుతుంది. పలక అందరికీ ఒకటే, వింగ్ అందరికీ ఒకటే. నా ఒంటికి తగ్గట్టు ఉండాల్సిందల్లా ఆ ఒక్క పట్టీ. అది కంపెనీ చేసి పంపేది కాదు, నేను కూర్చుని చెయ్యాల్సింది.

ఉత్తర ఫ్లోరిడాలో నీళ్లు నిండిన గుహల్లోకి వెళ్లే డైవర్ల దగ్గర ఈ పద్ధతి స్థిరపడింది. వాళ్లలో ఒకరైన విలియం హోగార్త్ మెయిన్ పేరు మీదే దీన్ని హోగార్తియన్ అంటారు. తలపైన రాయి ఉన్నచోట క్లిప్పు విరిగితే పైకి తేలిపోయే వీలుండదు. అందుకే భుజాలకూ నడుముకూ కలిపి ఒకటే పట్టీ, నడుము దగ్గర ఒకటే బకిల్. వేలాడేది లేదు, విరిగే ప్లాస్టిక్ లేదు. నేను గుహల మనిషిని కాను. మా రుషికొండ, వీలైతే ఏడాదికోసారి అండమాన్, అంతే. అయినా విరిగేది తక్కువ ఉంటే మంచిదన్న మాట సముద్రంలోనూ నిజమే.

పట్టీని సగానికి మడిచి మధ్యలో అమ్మ కుట్టుమిషన్ డబ్బాలోని సుద్దతో గీత గీశాను. ఆ గీత పలక పైభాగంలో సరిగ్గా నడిమికి రావాలి. అక్కణ్ణుంచి రెండు కొసలూ పై చీలికల్లోంచి భుజాల మీదుగా ముందుకొచ్చి, చంకల కిందుగా వెనక్కి వెళ్లి, పలక కింది చీలికల్లో దూరి, మళ్లీ నడుము చుట్టూ ముందుకొస్తాయి. రాస్తే రెండు వాక్యాలు. చేస్తే ఒక సాయంత్రం. కొత్త నైలాన్ అట్టలా బిర్రుగా ఉంటుంది. ఒక్కో డీ-రింగు జారకుండా దాని వెనక మూడు గళ్ల స్లైడర్ ఒకటి ఉంటుంది. డీ-రింగును అంగుళం జరపాలంటే ఆ స్లైడర్లో పట్టీని వదులు చేసి, జరిపి, మళ్లీ లాగి బిగించాలి. వేళ్లతో కాలేదు. చెంచా కాడ దూర్చి పైకెత్తితే వచ్చింది. నాలుగోసారికి బొటనవేలి గోరు కింద ఎర్రగా కమిలింది.

అద్దం ముందు నిలబడితే ఎడమ పట్టీ సరిగ్గా కూర్చుంది, కుడిది వదులుగా తేలింది. గీత మధ్యలోనే ఉంది, రెండు వైపులా టేపుతో కొలిస్తే సమానమే. మళ్లీ విప్పబోతుంటే అమ్మ, "నీ కుడి భుజం కిందికుంటుందే. నీ చీర జాకెట్లన్నీ ఆ వైపు పావంగుళం దించే కుడతాను" అంది. ఇరవై ఏళ్లుగా నా జాకెట్లు కుడుతున్న మనిషి ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు, చెప్పాల్సిన పని పడలేదు కాబట్టి. కుడి పట్టీ ఆ మేరకు పొట్టి చేశాను. టేపు లెక్కలో తేడా వచ్చింది, ఒంటి మీద తేడా పోయింది.

తరవాత తోక. నడుము దగ్గర జానెడున్నర పట్టీ మిగిలి వేలాడుతోంది. కత్తెర తీశాను. "కొత్త నవారు అప్పుడే కొయ్యకే, నాలుగు రోజులు పడుకున్నాక చూడు" అంది అమ్మ. కత్తెర పక్కన పెట్టేశాను.

ఆపింది మంచిదైంది. ఈతకొలనులో తొలిరోజే తేలింది, భుజాలు మరీ బిగించానని. గట్టు మీద బిగువుగా ఉంటే భద్రంగా అనిపిస్తుంది. నీళ్లలో విప్పబోతే ఎడమ మోచెయ్యి పట్టీలో ఇరుక్కుని అటూ కాదు, ఇటూ కాదు. పక్కనున్న మిత్రురాలు లాగితే తప్ప రాలేదు. నడుము బకిల్ తీయగానే భుజం తనంతట జారి బయటికి రావాలి. సూట్ వేసుకుని నిటారుగా నిలబడితే పట్టీ కింద అరచెయ్యి సులువుగా దూరాలి. చెయ్యి వెనక్కి చాపితే పలక పై అంచు వేళ్లకు తగలాలి. మూడూ కుదిరే దాకా రెండు వైపులా రెండేసి అంగుళాలు వదిలాను. ఆ వదిలిన పట్టీ ఎక్కణ్ణుంచి వచ్చింది? కొయ్యబోయిన తోకలోంచే.

భుజాలు అంత వదులైతే సిలిండర్ ఊగదా అని చాలామంది అడుగుతారు. నీళ్లలో పలకను పట్టి ఉంచేది భుజాలు కాదు. నడుము పట్టీ, కాళ్ల మధ్య నుంచి వచ్చి దాన్ని కిందికి లాగి ఉంచే క్రాచ్ పట్టీ. ఆ పట్టీ ఉండగా జాకెట్లా చెవుల దాకా ఎగదన్నడం ఉండదు. అది మరీ పొట్టిదైతే తల ఎత్తినప్పుడల్లా లాగుతుంది. మా వీధి చివర చెప్పులు కుట్టే తాత దాని కొసన నడుము పట్టీ దూరే మడతను నాకు సరిపడా వెనక్కి జరిపి, మైనం రాసిన దారంతో రెండు వరసలు కుట్టిచ్చాడు. ఇంకా ఒక్క పోగు లేవలేదు.

బరువు సంగతి వేరే. ఈ స్టీలు పలకే రెండున్నర కిలోలకు పైన. అంటే నడుముకు కట్టే సీసం దాదాపు అంత తగ్గించొచ్చు. ఆ బరువు వీపు మీద, ఊపిరితిత్తుల దగ్గర ఉంటుంది కాబట్టి కాళ్లు కిందికి దిగలాగే నా పాత బాధ సగం పోయింది. మిగతా సగానికి సిలిండర్‌ను పట్టీల్లో రెండు వేళ్లు పైకి జరిపాను. అంతకు మించితే వాల్వ్ తలకు తగులుతోంది. సిలిండర్‌ను పట్టే నైలాన్ పట్టీలు తడిస్తే సాగుతాయి. వాటిని ముందే తడిపి బిగించాలి, లేకపోతే మధ్యలో సిలిండర్ జారుతుంది.

కొలనులో కుదిరిన బరువు సముద్రంలో చాలదు. ఉప్పునీరు రెండున్నర శాతం ఎక్కువ సాంద్రం. సూటూ సామానూ కలిపి వంద కిలోల లెక్క వేసుకుంటే రెండున్నర కిలోల సీసం అదనం. అసలు పరీక్ష డైవ్ చివర్లో, సిలిండర్లో 50 బార్ మిగిలినప్పుడు. 11 లీటర్ల సిలిండర్లో 150 బార్ వాడేస్తే దాదాపు రెండు కిలోల గాలి తరిగిపోయినట్టే. అప్పుడు వింగ్ ఖాళీ చేసి, ఐదు మీటర్ల దగ్గర కదలకుండా నిలబడగలగాలి.

రుషికొండ నీళ్లు ఆ రోజు మసకగా ఉన్నాయి. చాపిన చెయ్యి కనిపిస్తోంది, దాని అవతల పచ్చటి పొగమంచు. ఐదు మీటర్ల దగ్గర వింగ్‌లో మిగిలిన గాలి వదిలేశాను. ఊపిరి తీస్తే బెత్తెడు పైకి, వదిలితే బెత్తెడు కిందికి. కాళ్లు దిగలేదు. గాలిగొట్టం ఎడమ భుజం మీద నేను వేసిన సైకిల్ ట్యూబు ముక్క కిందే కదలకుండా ఉంది. కళ్లు మూసుకుని ఎడమ తుంటి మీది డీ-రింగు కోసం చెయ్యి పంపాను. ప్రెషర్ గేజ్ క్లిప్ దానికే తగిలించి ఉంది. మొదటిసారి అంగుళం వెనక తగిలింది. రెండోసారీ అంతే. ఇంటికెళ్లాక ఎటు, ఎంత జరపాలో చేతికి తెలిసిపోయింది.

ఆ అంగుళమూ జరిపాను. ఇంకో ఆరు డైవ్‌లు అయ్యాక దీపం మంట మీద చాకు ఎర్రగా కాల్చి తోక కోశాను. కోసిన అంచు కరిగి గట్టిపడింది, ఇక పోగులు లేవవు. నాలుగు వేళ్లు మాత్రం ఎక్కువే ఉంచాను. ఇప్పుడు వేసుకునేది మూడు మిల్లీమీటర్ల సూట్. ఎప్పుడైనా చల్లటి నీళ్లకు వెళ్తే ఐదు మిల్లీమీటర్లది కావాలి, అప్పుడు భుజాలు మళ్లీ కాస్త అడుగుతాయి. తెగిన ముక్కను అమ్మ సుద్ద డబ్బాలో దాచింది.