పది పూసల్లో ఒక తోట

"ఏటమ్మా, ఒక్కమాటే యాభైసార్లు సెప్తారు? దేవుడికి సెవుడా?"

టెక్కలి, సోంపేట వైపు జపమాల చెప్పుకునే కతోలిక కుటుంబాలు ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట పడాల్సిందే. తులసిమాలతో 108 సార్లు నామం జపించే హిందువులకు ఇందులో వింతేమీ తోచదు. అడిగేది చాలావరకు మరో చర్చికి వెళ్లే బంధువులే. ఈ ప్రాంతంలో క్రైస్తవం అనగానే చాలామందికి ముందుగా కెనడా బాప్టిస్టులు గుర్తొస్తారు. సోంపేటలో వాళ్ల ఆసుపత్రి, అక్కడ కళ్లకు ఆపరేషన్లు చేసిన డాక్టర్ బెన్ గలిసన్, ఆ పనిని చూసి 1963లో కెనడాలో మొదలైన ఆపరేషన్ ఐసైట్ సంస్థ, ఇవన్నీ ఇక్కడి చరిత్రలో భాగం. వాళ్ల పెంపకంలో బైబిలు చదవడం నేర్చినవాళ్లు మత్తయి సువార్త ఆరో అధ్యాయం తీసి చూపిస్తారు. ప్రార్థనలో వట్టి మాటలు పెంచవద్దని యేసు అన్నచోటు అది.

అడగవలసిన ప్రశ్నే. అయితే అదే సువార్త ఇరవై ఆరో అధ్యాయంలో, ఒలీవ తోటలో, యేసు మూడోసారి వెళ్లి మళ్లీ అవే మాటలతో ప్రార్థించాడని రాసివుంది. 136వ కీర్తన 26 చరణాలలో ప్రతి చరణానికీ ఒకే పల్లవి ఉంది. కాబట్టి యేసు కాదన్నది తిరిగి చెప్పడాన్ని కాదు, వట్టిగా చెప్పడాన్ని. మరి జపమాల వట్టిది కాకుండా ఉండాలంటే ఏం చేయాలి?

దాని కూర్పు చూస్తే సగం జవాబు దొరుకుతుంది. మాలలో 59 పూసలు. వాటిలో 53 మరియమ్మను ఉద్దేశించి చెప్పే మంగళవార్త జపాలకు, 6 యేసు నేర్పిన పరలోక జపాలకు. సిలువ పట్టుకుని విశ్వాస సంగ్రహంతో మొదలుపెడతారు. సిలువ పక్కనున్న మొదటి కొన్ని పూసలు దాటాక ఐదు విడతలు, విడతకు పది పూసలు. ప్రతి విడతకూ ముందు ఒక దేవరహస్యం, అంటే యేసు జీవితంలోనో మరియమ్మ జీవితంలోనో ఒక ఘట్టం, పేరు పెట్టి ప్రకటిస్తారు. సోమ, శనివారాలు సంతోష దేవరహస్యాలు. మంగళ, శుక్రవారాలు దుఃఖ దేవరహస్యాలు. బుధ, ఆదివారాలు మహిమ దేవరహస్యాలు. గురువారం నాటి వెలుగు దేవరహస్యాలు 2002 అక్టోబరులో రెండో జాన్ పాల్ పోపు చేర్చినవి. అంతకుముందు మూడు వరుసలూ కలిపి 150 మంగళవార్తలు అయ్యేవి. మఠాల్లో సన్యాసులు పాడే 150 కీర్తనలకు బదులుగా చదువురాని జనం చెప్పుకున్న జపం ఇది. పుట్టుకతోనే పామరుల ప్రార్థన. దొమినిక్ పునీతుడికి మరియమ్మే స్వయంగా ఇచ్చిందన్న కథ ఉంది గానీ, చరిత్రకారులు దాన్ని కథగానే చూస్తారు. నాకూ అది లేని లోటేమీ కనబడదు.

అసలు కిటుకు పని పంచడంలో ఉంది. వేళ్లు లెక్క చూసుకుంటాయి, నోరు మాట చూసుకుంటుంది, మనసు ఘట్టం దగ్గర కూర్చుంటుంది. నామజపంలో మనసు నామం మీదే నిలవాలి. ఇక్కడ మంగళవార్త కింద శ్రుతిలా సాగుతుంటే, పైన కనిపించే బొమ్మ వేరు. ధ్యానం లేని జపమాల ఆత్మ లేని దేహమని 1974లో ఆరో పాల్ పోపు హెచ్చరించింది అందుకే. ఇది తెలియనివాళ్లు రెండు రకాలుగా తప్పుతారు. కొందరు ప్రతి మాటకూ అర్థం వెతుక్కుంటూ మూడో పూసకే అలిసిపోతారు. ఎక్కువమంది మాత్రం పరుగెత్తిస్తారు.

ఆ పరుగు ఇంటి జపమాలలో బాగా తెలుస్తుంది. మంగళవార్త మొదటి సగం పెద్దావిడ చెబుతుంది, రెండో సగం మిగతావాళ్లు అందుకుంటారు. పిల్లలకు నిద్ర ముంచుకొస్తుంటే ఆవిడ మాట పూర్తికాకముందే వీళ్లు అందుకుంటారు, వీళ్లది పూర్తికాకముందే ఆవిడ తరవాతి పూసకు వెళ్లిపోతుంది. ఒకరి ఊపిరి మీద ఒకరు తొక్కుకుంటారు. దీనికి మందు చిన్నదే: ఎదుటివాళ్లు ముగించాక ఒక ఊపిరి తీసుకుని అందుకోవాలి. 2001లో ఇటలీ వైద్యుడు లూచియానో బెర్నార్డి బృందం 23 మంది ఆరోగ్యవంతులతో చేసిన పరిశీలన బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. లాటిన్‌లో జపమాలను ఇలా వంతులవారీగా చెప్పినప్పుడు శ్వాస నిమిషానికి సుమారు ఆరుకు తగ్గిందని, గుండె, రక్తపోటు లయలు దానితో కుదురుకున్నాయని తేలింది. ఒక టిబెటన్ బౌద్ధ మంత్రంతోనూ ఇదే ఫలితం. ఇది జపమాల గొప్పతనానికి రుజువు కాదు, నిదానానికి రుజువు. పాత పుస్తకభాషలో ఉన్న మన తెలుగు మంగళవార్తకు ఆ నిదానం ఇంకా అవసరం, తొందరపడితే దీర్ఘాలన్నీ రాలిపోతాయి.

మంగళవార్త రెండు సగాల నడుమ యేసు పేరు వస్తుంది. కీలు అక్కడుంది. పదిహేనో శతాబ్దంలో ప్రష్యా దొమినిక్ అనే కార్తూసియన్ సన్యాసి ఆ పేరు వెంటనే యేసు జీవిత ఘట్టాన్ని తలపించే చిన్న మాట తగిలించే పద్ధతి పెట్టాడు, అలాంటివి యాభై కూర్చాడు. జర్మన్ మాట్లాడే దేశాల్లో ఇప్పటికీ అలాగే చెబుతారు. మనసు నిలవనివాళ్లకు ఇంతకన్నా మంచి పట్టుకొమ్మ నాకు తెలియదు.

దుఃఖ దేవరహస్యాల్లో మొదటిది తీసుకుందాం, ఒలీవ తోటలో యేసు వేదన. కొబ్బరి, జీడి తోటల ఉద్దానంలో పుట్టినవాళ్లకు తోట ఊహించుకోమని ఒకరు చెప్పనక్కర్లేదు. మొదటి పూసకు చోటు చూడాలి: రాత్రి, చెట్ల నీడ, నేల. ఒలీవ చెట్టు చూడకపోతే జీడిచెట్టు పెట్టుకోండి, అదీ కొమ్మలు నేలబారుగా పరుచుకునేదే. రెండో పూసకు మనుషులు: ముగ్గురిని కొంచెం లోపలికి తీసుకెళ్లాడు. మూడో పూసకు దూరం: రాయి విసిరినంత అంటాడు లూకా. పిలిస్తే వినబడేంత దగ్గర, అయినా తోడు లేనంత దూరం. నాలుగు, ఐదు పూసలు నిద్రపోతున్న ఆ శిష్యుల దగ్గరే ఆగినా ఫరవాలేదు. దుఃఖం చేత నిద్రపోయారని లూకా ఒక్కడే రాశాడు. రోగి మంచం పక్కన కూర్చుని కునికిపాట్లు పడినవాళ్లకు ఆ మాట ఎంత నిజమో తెలుసు. ఆరో పూస నుంచి ఆయన అడిగిన మాట: ఈ గిన్నె, అంటే రాబోయే బాధ, తప్పించమని. తప్పిస్తే బాగుండునని దేవుడి కొడుకే అడిగాడు, ఆ కోరికలో పాపం లేదు. ఎనిమిది, తొమ్మిది పూసలకు చెమట. పదోదానికి ఆయన లేచి నిలబడటం. లేచాడు, గిన్నె మాత్రం తప్పలేదు.

ఇలాగే చూడాలని శాసనమేమీ లేదు. ఒక పూస దగ్గర మనసు ఆగిపోతే దాన్ని ఆగనివ్వాలి, లెక్క కోసం లాక్కురాకూడదు. ఈ సలహా వెనక ఫ్రాన్సిస్ డి సేల్స్ ఉన్నాడు. మామూలు గృహస్థుల కోసం 1609లో అచ్చేసిన భక్తి గ్రంథంలో ఆయన జపమాలను మెచ్చుకుంటూనే, సరిగ్గా చెప్పడం తెలిసుండాలని షరతు పెట్టాడు. నోటి ప్రార్థన మధ్యలో హృదయం మౌనంలోకి జారితే అడ్డుకోవద్దన్నాడు. ఆయన పేరు పెట్టుకున్న సభ గురువులే ఆల్ప్స్ కొండల్లోని ఆనెసీ నుంచి 1846లో విశాఖపట్నం చేరి ఉత్తరాంధ్రలో పని మొదలుపెట్టారు. శ్రీకాకుళం ప్రత్యేక మేత్రాసనమైంది 1993లో.

అక్టోబరు జపమాల మాసం. 1571 అక్టోబరు 7న లెపాంటో దగ్గర జరిగిన సముద్ర యుద్ధం జ్ఞాపకంగా జపమాల పండుగ వచ్చింది, 1883లో పదమూడో లియో పోపు నెలంతా జపమాలకే అంకితం చేశాడు. రోమ్‌లో కూర్చుని ఆ నెల ఎంచినవాళ్లకు బంగాళాఖాతం సంగతి తెలిసుండదు. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ మీద పడింది. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గరే తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. ఆ రోజు గురువారం, అంటే వెలుగు దేవరహస్యాల వంతు. ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. యుద్ధ విజయానికి గుర్తుగా పెట్టిన పండుగ ఈ తీరంలో తుపాను నెల ప్రార్థన అయింది. నాకు లెపాంటో కన్నా ఈ లెక్కే దగ్గర.

జపమాల విలువ ఎక్కడ తెలుస్తుందంటే, చేతికి, ఒంటికి తీరిక లేనిచోట. పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమలో పిక్కలు కోసే ఆడవాళ్ల వేళ్లు జీడి రసానికి పొక్కుతాయి, మాల పట్టుకునే వీలుండదు. పూసలు తప్పనిసరి కాదు, లెక్క ఎలా పెట్టుకున్నా చెల్లుతుంది. పది బొడిపెల ఉంగరమో, చేతి వేళ్లో చాలు. ఒక్క విడత మూడు నాలుగు నిమిషాలు. ఐదూ ఒకేచోట కూర్చుని చెప్పాలన్న నియమం లేదు కనుక పొద్దున ఒకటి, పనికి నడుస్తూ ఒకటి, రాత్రి మిగతావి.

ఇక కిడ్నీ జబ్బు. ఉద్దానంలో దాన్ని తప్పించుకుని ఏ ప్రార్థన గురించీ రాయలేం. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలిసిస్ అంటే సుమారు నాలుగు గంటలు, వారానికి రెండు మూడు సార్లు. సూదులు ఉన్న చెయ్యి కదపకూడదు, రెండో చెయ్యి ఖాళీ. రోజుకు ఇన్ని మిల్లీలీటర్లని కొలిచి నీళ్లు తాగే మనిషి తోట ఘట్టంలో ఆ గిన్నె దగ్గరికి వచ్చేసరికి ఎవరి వ్యాఖ్యానమూ అక్కర్లేకుండా అర్థం చేసుకుంటాడు. అలాంటివాడి దగ్గరికి వెళ్లి దుఃఖాన్ని ఇష్టంగా భరించమని ఉపదేశించేవాళ్లను చూస్తే నాకు చిరాకు. ఆ ఘట్టంలో యేసు ముందు చేసింది తప్పించమని అడగడమే.

వారాల వంతు ఇక్కడ ఒక చిక్కు తెస్తుంది. సోమ, బుధ, శుక్రవారాలు డయాలిసిస్ మంచమెక్కేవాళ్లకు సంతోషం, మహిమ, దుఃఖం మూడూ వస్తాయి. మంగళ, గురు, శనివారాల వాళ్లకు దుఃఖం, వెలుగు, సంతోషం వస్తాయి గానీ పునరుత్థానం ఉన్న మహిమ దేవరహస్యాలు ఒక్కనాడూ రావు. వారాల పంపకం సూచనే తప్ప కట్టడి కాదని రెండో జాన్ పాల్ 2002 లేఖలోనే రాశాడు. కనుక మంగళవారం షిఫ్టులో ఉన్నవాళ్లు దుఃఖ దేవరహస్యాలు పక్కన పెట్టి ఖాళీ సమాధి దగ్గర మొదలుపెట్టుకోవచ్చు.